నెత్తిన ఎండ, హాల్లో ఉక్క

పోయిన ఆదివారం పొద్దున పదకొండింటికి మా కాలనీ కమ్యూనిటీ హాల్లో క్యారమ్స్ పోటీలు మంచి పట్టులో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. పౌడరు చల్లిన బోర్డు మీద చెమట చుక్కలు పడుతున్నాయి. రిటైరైన హెడ్మాస్టరు గారు పైకప్పు వంక చూసి, "ఏమయ్యా, నెత్తిన అంత కరెంటు పెట్టుకుని ఈ ఉక్కపోత ఏమిటి?" అన్నారు.

ఆ డాబా మీద మూణ్ణెల్ల క్రితం పద్దెనిమిది సోలార్ ప్యానెళ్లు బిగించాం. ఒక్కొక్కటి 550 వాట్లు, మొత్తం దాదాపు 10 కిలోవాట్లు. పీఎం సూర్యఘర్ పథకం కింద కాలనీల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. మిగతాది చందాలు. కొబ్బరికాయ కొట్టింది హెడ్మాస్టరు గారే. ఆయన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. నాకూ కోపం వచ్చింది. ఇంటికొచ్చి బ్యాటరీల ధరలు కనుక్కుని, వాటిని పెట్టించి తీరాలని రాయడానికే కూర్చున్నాను.

రాయబోతే లైట్ల బాబాయ్ గుర్తొచ్చాడు.

తెనాలి దగ్గర మా ఊళ్లో రిక్రియేషన్ క్లబ్బంటే ఓ పెంకుటిల్లు, దాని ముందు బాల్ బ్యాడ్మింటన్ కోర్టు. సాయంత్రం కరెంటు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అందుకని రెండు పెట్రోమాక్స్ లైట్లు ఉండేవి. వాటిని చూసుకునే మనిషిని పిల్లలమంతా లైట్ల బాబాయ్ అనేవాళ్లం. నాలుగున్నరకే అరుగు మీద పాత పంచెముక్క పరుచుకుని కూర్చునేవాడు. గాజు తుడిచేవాడు. సన్నటి రంధ్రంలో పిన్ను పెట్టి మసి తీసేవాడు. కిరసనాయిలు గుడ్డలో వడకట్టి పోసేవాడు. మాంటిల్ చిన్న సంచిలాంటి అల్లిక. ఒకసారి కాలాక బూడిదలా మిగులుతుంది, వెలిగేది ఆ మిగిలిందే. వేలు తగిలితే రాలిపోతుంది. లైటు మోసుకెళ్లేటప్పుడు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. కానీ పంపు కొట్టే వంతు మాత్రం రోజుకో పిల్లాడికి ఇచ్చేవాడు. నా వంతు కోసం వారమంతా ఎదురు చూసేవాణ్ణి. సుయ్యిమంటూ మాంటిల్ తెల్లబడి కోర్టు గీతలు పైకి తేలినప్పుడు, ఆ వెలుగు నేను తెచ్చిందే అనిపించేది.

బాబాయ్ కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. క్లబ్బువాళ్లు ఇంకో లైటు కొన్నారు, పాతవాటికన్నా పెద్దది. నెల తిరక్కుండా మూడూ మూలపడ్డాయి. వాటినెవరూ పగలగొట్టలేదు. ఎవరూ తుడవలేదు, అంతే.

పార్కులో ఉయ్యాల గురించీ, లైబ్రరీలో ఫ్యాను గురించీ రాసినప్పుడు కూడా ఈ కాలమ్‌లో ఇదే మొత్తుకున్నాను. వస్తువు కొనడానికి చందాలు వస్తాయి, దాన్ని చూసుకోవడానికి రావు.

సోమవారం డాబా ఎక్కాను. మా రోడ్డు తవ్వకాల దుమ్మంతా ప్యానెళ్ల మీదే ఉంది. పావురాల రెట్టలు, వేపాకులు. మొదటి నెల రోజుకు 40 యూనిట్ల దాకా చూపించిన ఇన్వర్టరు ఇప్పుడు 33 దగ్గర ఆగుతోంది. ఎండ మాత్రం తగ్గలేదు.

ఇక ఆదివారం ఫ్యాన్ల సంగతి. ఆ జవాబు మా వీధి చివరే ఉంది. అప్పుడు లైన్‌మన్ స్తంభమెక్కి తెగిన తీగ కలుపుతున్నాడు. మన ప్యానెళ్లు లైన్లోకి కరెంటు పంపుతూనే ఉంటే, అవతల సప్లై ఆపినా అతని చేతిలో తీగ బతికే ఉంటుంది. అందుకే లైన్లో కరెంటు లేదని తెలియగానే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోతుంది. హాల్లో మనకు ఉక్క పోసింది ఆ మనిషి క్షేమంగా దిగిరావడానికి.

బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టరు ఉంటే లైను నుంచి విడిపోయి హాలు వరకు కరెంటు ఇచ్చే మాట నిజమే. కానీ మన హాలు పగలు చాలావరకు తాళం వేసి ఉంటుంది. షటిల్, సంగీతం క్లాసు అన్నీ దీపాలు పెట్టాకే. పగలు పండిన యూనిట్లు గ్రిడ్డులో పోస్తున్నాం, సాయంత్రం తీసుకుంటున్నాం. గాదె అదే. ఆ లెక్క నెట్ మీటరు రాస్తోంది. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి, బ్యాటరీలు అన్నాళ్లు రావు. ఎప్పుడో ఒక అరగంట ఫ్యాను కోసం అంత ఖర్చు అక్కర్లేదు.

కాబట్టి బ్యాటరీ వద్దనే నా మాట. ఆ డబ్బులో కొంతతో డాబా మీదికి ఒక కుళాయి, పొడుగు కర్రకు మెత్తటి తుడుపుగుడ్డ, పదిహేను రోజులకోసారి కడిగినందుకు వాచ్‌మన్‌కు నెల నెలా విడిగా డబ్బు ఏర్పాటు చేయాలి. బోరు నీళ్లు ఆరితే గాజు మీద తెల్లటి మరకలు కడతాయి, కాబట్టి మునిసిపల్ నీళ్లే వాడాలి. ప్యానెల్ మీద కాలు పెట్టకూడదు, లోపల కంటికి కనపడని చీలికలు వస్తాయి. కమిటీలో ఇవన్నీ చెప్పాను. హెడ్మాస్టరు గారు ఇంకా ఒప్పుకోలేదు, కానీ వస్తానన్నారు.

ఈ ఆదివారం ఆరింటికి, గాజు వేడెక్కకముందే కడుగుతున్నాం. పైపు పట్టుకునే మొదటి వంతు ఎనిమిదో తరగతి చదివే మా ఎదురింటి అబ్బాయిది.