బ్యాగు మోసేవాడి వైపు నుంచి

ఆబిడ్స్ అన్నది ఒక నౌకరు పేరు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టలూ బూట్లూ గడియారాలూ చూసుకునే కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడొక దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు మిగిలింది. ప్రభువుకి దగ్గరగా ఉండటాన్నే పెట్టుబడి చేసుకున్న మనిషి పేరున్న ఈ వీధిలో, ఆదివారం ఫుట్‌పాత్ మీద మార్క్ మెకార్మాక్ పుస్తకం దొరకడం భలే కుదిరింది. 'వాట్ దే డోంట్ టీచ్ యూ ఎట్ హార్వర్డ్ బిజినెస్ స్కూల్', 1984. పాత ఎంబీఏ గైడ్ల కింద, యండమూరి 'విజయానికి ఐదు మెట్లు' పక్కన, అట్ట కాస్త నలిగి ఉంటుంది.

దీన్ని అందరూ మేనేజ్‌మెంట్ పుస్తకంగానే కొంటారు. నా లెక్కలో ఇది గోల్ఫ్ పుస్తకం. గోల్ఫ్ ఆడటం గురించి కాదు, గోల్ఫ్ పక్కన నిలబడి బతకడం గురించి. మెకార్మాక్ క్లీవ్‌లాండ్‌లో లాయరు. చదివింది హార్వర్డ్‌లో కాదు, యేల్‌లో. తనూ మంచి ఆటగాడే, 1958 యూఎస్ ఓపెన్‌లో ఆడాడు కూడా. కానీ తన ఆట ఎంతవరకు వెళ్తుందో తనకి తెలుసు. 1960లో ఆర్నాల్డ్ పామర్‌తో చేతులు కలిపి, ఆ కరచాలనం మీదే ఐఎంజీ అనే కంపెనీ కట్టాడు. తర్వాత గ్యారీ ప్లేయర్, జాక్ నిక్లాస్ వచ్చారు. ఆయన కనిపెట్టిన సూత్రం వినడానికి చాలా చిన్నది: గెలుపుని అమ్మొద్దు, మనిషిని అమ్ము. గెలుపు రేపు ఉండకపోవచ్చు. పామర్ ఆఖరి మేజర్ టైటిల్ 1964 మాస్టర్స్. ఆయన చనిపోయింది 2016లో. మధ్యలో ఉన్న ఆ యాభై రెండేళ్లూ రంగురంగుల గొడుగు బొమ్మ ఒకటి బట్టల మీదా, వస్తువుల మీదా సంపాదిస్తూనే ఉంది. ఇవాళ మన క్రికెటర్లు అమ్మే టీషర్టుల నుంచి టైర్ల దాకా అన్నిటి వెనకా ఉన్న ఆలోచన ఇదే.

పుస్తకంగా చూస్తే మొదటి మూడో వంతు చాలా బావుంటుంది. మనుషుల్ని చదవడం గురించిన భాగం అది. అందులో 'గిమ్మీ' మీద ఒక ముక్క ఉంది. బంతి గుంటకి జానెడు దూరంలో ఆగితే, 'పోనీలే, పడినట్టే' అని అవతలివాడు ఒప్పేసుకోవడాన్ని గిమ్మీ అంటారు. గల్లీ క్రికెట్‌లో ఇలాంటి దయ మనమూ చూపించుకున్నవాళ్లమే. ఈ దయని ఎవరెలా పుచ్చుకుంటారో చూసి మెకార్మాక్ మనుషుల్ని రకాలుగా విడగొడతాడు. అసలు ఒప్పుకోకుండా ప్రతి బంతినీ గుంటలో వేసేవాడు ఒక రకం. ఒంటి చేత్తో అలా తోసేసి, పడితే సరే, పడకపోతే నేను సీరియస్‌గా కొట్టలేదు అనేవాడు ఇంకో రకం. ఈ రెండోవాడు రేపు కాంట్రాక్టు దగ్గర ఎలా ఉంటాడో ఇక్కడే తెలిసిపోతుందంటాడు. మంచి కథకుడికి ఉండే కన్ను ఇది. తర్వాత్తర్వాత పుస్తకం మీటింగులూ మెమోలూ టైమ్ మేనేజ్‌మెంటూ అంటూ చప్పబడుతుంది. ఆ పేజీలు తిప్పేయొచ్చు.

ఆ గిమ్మీ ముక్క చదువుతున్నప్పుడు నాకో అనుమానం వచ్చింది. ఈ దృశ్యంలో ఇంకో మనిషి ఉండాలి కదా? బ్యాగు మోస్తూ, జెండా కర్ర పట్టుకుని నిలబడే క్యాడీ. (మన చెవికి 'కేడీ' అని వినబడి పోలీస్ స్టేషన్ గోడ మీద ఫొటో గుర్తొస్తుంది; అదేం కాదు.) ఆటగాళ్లని వాడు చూసినంత దగ్గరగా మెకార్మాక్ చూసుండడు. ఎవరు గడ్డిలో బంతిని కాలితో జరుపుతారో, ఎవరు ఏడు కొట్టి ఆరు రాస్తారో వాడికి తెలుసు. గిమ్మీ ఇవ్వని సారు సాయంత్రం టిప్పు ఇస్తాడో ఇవ్వడో కూడా తెలుసు. కాకపోతే వాడికి తెలిసింది బిజినెస్ పుస్తకం అవదు. ఎందుకంటే వాడు టేబుల్‌కి అవతల వైపు కూచోడు. అసలు కూచోడు.

గోల్ఫ్‌లో బతుకుతెరువు కథ మొదలయ్యింది ఇలా నిలబడ్డవాళ్ల దగ్గరే. 1920లో ఇంగ్లండ్‌లోని డీల్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడటానికి వెళ్లిన వాల్టర్ హేగన్, ప్రొఫెషనల్స్‌కి క్లబ్‌హౌస్‌లో చోటు లేదంటే, ఖరీదైన కారొకటి అద్దెకు తెచ్చి గుమ్మం ముందే ఆపించి అందులో బట్టలు మార్చుకున్నాడు. ఆట కోసం డబ్బు తీసుకునేవాడు పనివాడు, పనివాడు లోపలికి రాకూడదు: అంతే లెక్క. పామర్ సంగతీ అదే. వాళ్ల నాన్న లాట్రోబ్ క్లబ్‌లో గడ్డి చూసుకుంటూ, ఆట నేర్పుతూ బతికాడు. కొడుక్కి ఆ క్లబ్‌లో సభ్యుల పిల్లలకున్న స్వేచ్ఛ లేదు. 1971లో పామర్ ఆ క్లబ్‌నే కొనేశాడు. మన సినిమావాళ్లకి ఈ ఒక్క వాక్యం చెబితే ఇంటర్వెల్ దాకా అల్లుకుంటారు. మెకార్మాక్ పుస్తకంలో పామర్ ఒక గొప్ప క్లయింటు. నాకు కావాల్సిన పామర్ ఆ గేటు దగ్గర నిలబడ్డ పిల్లాడు.

అలాంటి పిల్లాడు రాసిన పుస్తకం ఒకటుంది. హార్వీ పెనిక్ 'లిటిల్ రెడ్ బుక్', 1992. టెక్సస్‌లో ఎనిమిదేళ్లకి క్యాడీగా మొదలై, ఆస్టిన్ కంట్రీ క్లబ్‌లోనే జీవితమంతా పాఠాలు చెప్పాడు. ఏ పాఠం ఎవరికి ఎలా పనిచేసిందో దశాబ్దాల పాటు ఒక ఎర్ర నోట్‌బుక్‌లో రాసుకుని, కొడుక్కి తప్ప ఎవరికీ చూపించలేదు. ఎనభై దాటాక బడ్ ష్రేక్ అనే రచయిత పక్కన కూచుని దాన్ని పుస్తకం చేశాడు. పబ్లిషర్ తొంభై వేల డాలర్ల అడ్వాన్సుకి ఒప్పుకున్నాడని చెబితే, అంత డబ్బు నేనెక్కడ తేగలనని పెనిక్ బెంగపడ్డాడట. రచయితే ఎదురు కట్టాలనుకున్నాడు! (తెలుగు రచయితలకి ఇది జోకులా అనిపించదు.) తీరా అది స్పోర్ట్స్ పుస్తకాల్లో అత్యధికంగా అమ్ముడుపోయినవాటిలో ఒకటయింది. అర పేజీ, పేజీ ముక్కలు. ఎవరినీ చదివేసి లొంగదీసుకోవాలని ఉండదు. ఎదుటివాడి చేతిలో కర్ర ఎలా ఉందో చూసి, వాడికి ఒక్క మాట చెప్పి ఆగిపోవడం. మెకార్మాక్‌దీ పెనిక్‌దీ ఒకే నైపుణ్యం: మనిషిని గమనించడం. ఒకరు దాన్ని బేరానికి వాడారు, ఇంకొకరు అవతలివాడి పనికి వాడారు. నా ఓటు పెనిక్‌కే.

మా హైదరాబాద్ మాత్రం మెకార్మాక్‌నే చదివింది. అదీ సగమే. మనిషిని కాదు, గోల్ఫ్ అనే మాటనే అమ్మొచ్చని కనిపెట్టింది. ఆబిడ్స్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో నాంపల్లి సీబీఐ కోర్టు ఉంది. ఎమ్మార్ కేసు వచ్చింది అక్కడికే. ఉమ్మడి రాష్ట్రంలో ఏపీఐఐసీ, దుబాయ్ ఎమ్మార్ కలిసి మణికొండ వైపు 535 ఎకరాల్లో గోల్ఫ్ కోర్సు, విల్లాలు, హోటలు, కన్వెన్షన్ సెంటర్ కట్టే ప్రాజెక్టు అది. 2011లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ దర్యాప్తు మొదలైంది. ప్లాట్లని కాగితం మీద తక్కువ ధరకి చూపించి మిగతాది పక్కనుంచి తీసుకున్నారన్నది అభియోగం. తప్పెవరిదన్నది కోర్టు పని. నేను చదివేది ఆ బ్రోషర్ భాషని. అందులో గోల్ఫ్ ఆడక్కర్లేదు, బాల్కనీలోంచి కనబడితే చాలు. ఆకుపచ్చ రంగు చదరపు గజం ధరలో కలిసిపోతుంది.

మా సాఫ్ట్‌వేర్‌లోనూ కాస్త సీనియారిటీ రాగానే 'గోల్ఫ్ నేర్చుకో, పెద్దవాళ్లతో నాలుగు గంటలు దొరుకుతాయి' అనే సలహా మొదలవుతుంది. దొరికేది నాలుగు గంటలే, ఆట కాదు. ఆబిద్ కొలువే మళ్లీ, జీతం కొంచెం ఎక్కువ.

మన దగ్గర కథలు లేక కాదు. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ క్యాడీల్లోంచి వచ్చిన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, 1993లో మళ్లీ గెలిచాడు. బెంగళూరులో క్యాడీగా మొదలైన మునియప్ప 2009లో గెలిచాడు. గెలవని వందలమంది సంగతి ఇంకా పెద్ద పుస్తకం. పెనిక్‌కి ష్రేక్ దొరికాడు. మన క్యాడీల పక్కన కూచుని రాసుకోవడానికి గోల్ఫ్ వచ్చినవాడే అక్కర్లేదు. ఆట అయిపోయాక, కోర్సు గేటు బయట టీ కొట్టు దగ్గర రెండు మూడు నెలలు ఓపిగ్గా కూచోగలిగినవాడు చాలు.