ఎనిమిది నాచ్‌ల చదువు

బొగ్గు బండిని నడపడం కన్నా కదిలించడం కష్టం. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లు, నిండితే ఒక్కొక్కటి 81 టన్నుల పైచిలుకు, అంతా కలిపి దాదాపు 4,700 టన్నులు. ముందు జంటగా కట్టిన రెండు డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు. సిగ్నల్ పడి, గార్డు పచ్చజెండా ఊపాక డ్రైవర్ చేసే మొదటి పని ఆగడం. బ్రేకు వదిలిన సంగతి గాలి గొట్టం వెంట చివరి వ్యాగన్ దాకా పోవాలి. అక్కడి చక్రాలు ఇంకా బిగిసి ఉండగానే గుంజితే కప్లింగ్ తెగి బండి రెండు ముక్కలవుతుంది. అందుకని కాసేపు చూసి, ఒకటో నాచ్ (ఇంజన్ బలాన్ని పెంచే పిడికి మొదటి మెట్టు) వేసి, మళ్లీ ఆగుతాడు. వ్యాగన్‌కూ వ్యాగన్‌కూ మధ్య ఉన్న వదులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ, ఆ చప్పుడు వరసగా వెనక్కి పోతుంది. అది తోక దాకా పోయిందని చెవికి తెలిశాకే రెండో నాచ్.

ఆ ఇంజన్‌కు నాచ్‌లు ఎనిమిది. గోదావరిఖనిలో సైడింగ్‌కు దగ్గర్లోని క్వార్టర్‌లో పెరిగిన నేను బడి పాఠాల కన్నా ముందు నేర్చుకున్నవి అవే. నాన్న నైట్ షిఫ్ట్‌కు బొగ్గు బాయికి పోయిన రాత్రుల్లో నిద్ర పట్టకపోతే మంచంలో పడుకుని వినేవాణ్ని. ఒకటి, రెండు, మూడు. మూడో నాచ్ దగ్గర చాలాసేపు నిలబెట్టాడంటే బండి బరువుగా ఉన్నట్టు. ఇంజన్ గొంతు ఉన్నట్టుండి తెగి మళ్లీ అందుకుందంటే చక్రం జారినట్టు. డ్రైవర్ కొత్తవాడా, ముదురువాడా అన్నది కూడా మా వాడకట్టు పిల్లలం చీకట్లోనే తేల్చేసేవాళ్లం. పెద్దయ్యాక ఊళ్లు మారాను, ఉద్యోగం మారింది, ఆ వినికిడి మాత్రం పోలేదు. ఇప్పటికీ ఏ ఊరి స్టేషన్‌లోనైనా డీజిల్ ఇంజన్ కదిలితే నా లోపల లెక్క మొదలవుతుంది.

ఈ ఇంజన్ మాది కాదు, అమెరికాది. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అంటే ఆల్కో, తయారుచేసింది. మొదటివి 1962లో ఓడల్లో వచ్చాయి. 1964 జనవరికల్లా వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుంచి మన చేతుల మీదుగా బయటికి రావడం మొదలైంది. 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, 112 టన్నుల పైన బరువు. కన్నతల్లి లాంటి ఆల్కో 1969లో మూతపడింది. మనవాళ్లు మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు చేస్తూ పోయారు. రెండున్నర వేలకు పైగా చేశారు. 1990ల నడుమ అదే ఇంజన్‌ను 3,100 హార్స్‌పవర్‌కు పెంచి, ప్రత్యేకంగా గూడ్స్ కోసం డబ్ల్యూడీజీ-3ఏ తెచ్చారు. కాజీపేట డీజిల్ షెడ్డు నుంచి వచ్చి మా బొగ్గు మోసినవి ఎక్కువగా ఈ రెండే. గోదావరిఖని గనుల ఊరుగా ఎదిగింది కూడా 1960లలోనే. మా ఊరూ, ఈ ఇంజనూ ఒక ఈడువి.

కాజీపేట షెడ్డు కింద నడిపి రిటైరైన ఒక పెద్దమనిషిని నేను కాకా అని పిలుస్తాను. నాన్నకు దోస్తు. ఆయన దగ్గర కూర్చున్నప్పుడల్లా ఈ ఎనిమిది నాచ్‌ల గురించే అడుగుతాను. లోడ్ మీటర్ ముల్లు చూసి నాచ్ పెంచేవాళ్లు కదా అని అడిగితే, ఆయన చెయ్యి అడ్డం ఊపాడు.

“మీటర్ తర్వాత సంగతి బిడ్డా. ముందు ఇంజన్ ఏమంటున్నదో ఇను. అది అడిగినంక ఇయ్యాలె. అడగకముందే ఇచ్చినవనుకో, పొగ పెడతది.”

ఆ మాటలో ఇంజనీరింగ్ అంతా ఉంది. నాచ్ పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువ పోతుంది. దాన్ని కాల్చే గాలిని తోసేది టర్బో. ఆ టర్బో తిరిగేది ఇంజన్ వదిలే వేడి వాయువుల బలంతో. అది వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఈలోగా డీజిల్ ఉంది, గాలి చాలదు. సగం కాలిన డీజిల్ నల్లగా పైకి లేస్తుంది. ఆల్కో పొగ గురించి లోకమంతా చెప్పుకునేది ఇదే. అమెరికాలో రైలు ప్రేమికులు వీటిని గౌరవ ఆవిరి ఇంజన్లని ముద్దుగా పిలుచుకున్నారు. మా దగ్గర మంచి డ్రైవర్ బండి పొగ తక్కువ పెట్టేది. టర్బో ఈల పైకి లేచేదాకా వేచి ఉండి తర్వాతి నాచ్ వేసేవాడు. ఈ ఓపికను ఏ పుస్తకమూ నేర్పలేదు. అసిస్టెంట్‌గా పక్క సీటులో కూర్చున్న ఏళ్లు నేర్పాయి.

వానాకాలం ఇంకో పరీక్ష. జోరువాన మేలు, పట్టాల్ని కడిగేస్తుంది. సన్నటి తుంపర పడితేనే భయం. మా పట్టాల మీద ఎప్పుడూ బొగ్గు దుమ్ము ఉంటుంది. తుంపరకు అది తడిసి జిగట ముద్దలా మారి చక్రం కింద పూతలా పరుచుకుంటుంది. జంట ఇంజన్ల పన్నెండు ఇరుసులూ తిరుగుతుంటాయి, బండి మాత్రం ఉన్నచోటే. అప్పుడు ఇసుక వదలాలి, నాచ్ తగ్గించాలి, మళ్లీ మొదట్నుంచి. అలాగని ఎంతసేపైనా పెనుగులాడటానికి వీల్లేదు. బండి నెమ్మదిగా ఉన్నప్పుడు మోటార్లలో కరెంటు బాగా ఎక్కువ పారుతుంది, చుట్టలు వేడెక్కుతాయి. కొద్ది నిమిషాలే గడువు. ఆ గడువులో బండిని లాగగలిగితే లాగినట్టు, లేకపోతే మోటారు కాలుతుంది. కాకా ఆ నిమిషాల గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తాడు.

ఈ ఇంజన్ల మీద ప్రేమ ఉన్నంత మాత్రాన ఆ పొగను వెనకేసుకు రాను. గోదావరిఖని ఊపిరితిత్తుల్లో ఇప్పటికే చాలా బొగ్గు ఉంది. కోల్ హ్యాండ్లింగ్ ప్లాంట్ (సీహెచ్‌పీ) దుమ్ము బట్టల మీద, అన్నం మీద పడుతున్న ఊరికి దాని పైన డీజిల్ మసి కూడా కావాలని కోరడం తప్పు. కరెంటు ఇంజన్లు రావడం మంచిదే. 1990లు మొదలయ్యేసరికి కాజీపేట–బల్లార్షా దారి మీద తీగలు లాగారు. అయినా డీజిల్ చాలా ఏళ్లు మాతోనే ఉండిపోయింది. దానికి కారణం బొగ్గే. పైనుంచి బంకర్ వదిలేచోట, పేలోడర్ బొచ్చెతో ఎత్తి పోసేచోట, నెత్తి మీద 25,000 వోల్టుల తీగ ఉంటే పని సాగదు. మెయిన్ లైన్ ఎంత మారినా లోడింగ్ దగ్గర పాత ఇంజన్‌కే పని ఉండేది. 2017లో నిజామాబాద్ దాకా పూర్తయిన పెద్దపల్లి లైన్ మీద కూడా మొదట పరిగెత్తింది డీజిలే. తర్వాత అక్కడా తీగలు వచ్చాయి.

ఒక సంగతి నన్ను చాలాకాలంగా ఆలోచనలో పడేస్తోంది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు 1888లో లైన్ వేసింది బొగ్గు కోసం. ఆ రోజుల్లో బొగ్గు బండిని లాగింది ఆవిరి ఇంజన్, దాని పొయ్యిలో కాలింది బొగ్గు. ఇవాళ లాగుతున్నది కరెంటు ఇంజన్. ఆ కరెంటు ఎక్కువభాగం రామగుండం ఎన్టీపీసీ లాంటి చోట్ల బొగ్గు కాల్చి తీసిందే. అంటే ముందూ వెనకా బొగ్గును బొగ్గే మోసింది. నడుమ మా తరంలో మాత్రమే, కాళ్ల కింద అంత బొగ్గు పెట్టుకుని, దాన్ని మోయడానికి ఎక్కడి సముద్రాల అవతలి నుంచో వచ్చిన చమురు కాల్చాం. ఆవిరి ఇంజన్ ఇంధనంలో చాలా కొద్ది భాగాన్నే పనిగా మార్చేది, డీజిల్ దానికి ఎన్నో రెట్లు మెరుగు. లెక్క సరైనదే. అయినా సింగరేణి బొగ్గు గనుల చరిత్ర రాసేవాళ్లు ఈ చమురు కాలాన్ని ఒక్క వాక్యంతో దాటేయడం నాకు బాధగా ఉంటుంది. మా నాన్నలు తవ్విన బొగ్గు దేశానికి చేరింది ఈ ఇంజన్ల మీదే.

ఇప్పటి డబ్ల్యూఏజీ-9 ఒక్కటే 6,000 హార్స్‌పవర్. చక్రం జారబోతే కంప్యూటరే పసిగట్టి సర్దుతుంది. లోకో పైలట్ పని తేలికైందని నేననను, ఆయన కష్టాలు వేరు. కానీ చెవితో బండి లాగే విద్య అక్కర్లేకుండా పోయింది. 2018లో వారణాసిలో రెండు డబ్ల్యూడీజీ-3ఏలను విప్పి, డీజిల్ ఇంజన్ తీసేసి, 10,000 హార్స్‌పవర్ జంట కరెంటు ఇంజన్‌గా మార్చారు. 2020లో ఆ కార్ఖానా పేరులోంచి డీజిల్ అన్న మాట కూడా పోయి, బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది. మిగిలిన ఆల్కోలు ఒక్కొక్కటే తుక్కు కిందికి పోతున్నాయి.

తొలి దిగుమతుల్లోని 18040 నంబరు ఇంజన్ ఢిల్లీ రైలు మ్యూజియంలో ఉంది. సంతోషం. కానీ బొగ్గు మోసిన ఇంజన్ ఒకటి బొగ్గు ఊళ్లోనే ఉండాలని నా కోరిక. సింగరేణీ, దక్షిణ మధ్య రైల్వే కలిస్తే ఇది పెద్ద పని కాదు. ఇద్దరూ కలిసి భద్రాచలం రోడ్–సత్తుపల్లి మధ్య 54 కిలోమీటర్ల లైనే వేశారు. గోదావరిఖనికి ఒక్క డబ్ల్యూడీఎం-2 ఇవ్వలేరా? రంగు వేసి గద్దె మీద నిలబెట్టి, చుట్టూ గడ్డి పెంచితే నాకు తృప్తి ఉండదు. అది అప్పుడప్పుడైనా స్టార్ట్ కావాలి. టర్బో ఈల వేయడం పిల్లలు వినాలి. ఆ ఇంజన్‌కు సంబంధించిన విద్యంతా చప్పుడులో ఉంది కాబట్టి, చప్పుడు లేని ఇంజన్‌ను దాస్తే ఇనుమును దాచినట్టే.

అది అయ్యే పనేనా అని కాకాను అడిగాను. ఆయన షెడ్డు ఫిట్టర్‌గా చేసిన స్నేహితుడికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. బ్యాటరీలు ఎంతవుతాయని నేను మొదలుపెట్టగానే అటునుంచి అడ్డుకున్నారు.

“బ్యాటరీలు మొదలే కొనకు. ముందు సిలిండర్ కాక్‌లు ఇప్పి, క్రాంక్‌ను చేతులతోని ఒక్క సుట్టు తిప్పాలె. పదహారు పిస్టన్లూ కదిలినయంటే, అప్పుడు నీళ్లు, నూనె, బ్యాటరీల సంగతి మాట్లాడుకుందం. కదలకపోతే రూపాయి పెట్టకు.”

తిప్పడానికి తనకు తోడు ఇంకో ఇద్దరు కావాలన్నారు, తెలిసినవాళ్లు కావాలన్నారు. ఒకాయన మంచిర్యాలలో, ఇంకొకాయన కాజీపేటలో ఉంటున్నారట. ఇద్దరి నంబర్లూ రాసుకున్నాను. రికార్డర్ తీసుకుని ముందు మంచిర్యాల వెళ్తున్నాను.