నాసిరకం కాగితం మీద అంగారకుడు

అమెరికా పల్ప్ పత్రికల సైన్స్ ఫిక్షన్‌ను ఇష్టంగా చదివేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. చాలామంది ఆ సంగతి నలుగురిలో చెప్పుకోరు. కలప గుజ్జుతో చేసిన చవక కాగితం మీద అచ్చయ్యేవి కాబట్టి వాటికి ఆ పేరు వచ్చింది. ఆ కాగితంలో ఆమ్లం ఎక్కువ. కొన్నేళ్లకే గోధుమ రంగుకు తిరిగి, అంచు పట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది.

హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1926 ఏప్రిల్‌లో 'అమేజింగ్ స్టోరీస్' మొదలుపెట్టాడు. 1930లో 'అస్టౌండింగ్', 1939లో 'ప్లానెట్ స్టోరీస్' వచ్చాయి. రచయితలకు మాటల లెక్కన డబ్బు ఇచ్చేవారు. మాటకో సెంటు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. కథలు సాగడానికి, విశేషణాలు గుట్టలు పడటానికి అదీ ఒక కారణం. అట్ట మీద వింత జంతువు చేతుల్లో కేకలు పెట్టే అమ్మాయి, లోపల పరాయి జాతుల మీద చులకన మాటలు. వీటిని వెనకేసుకురావడం తప్పే. చదువరి సంకోచంలో సగం ఇక్కడ న్యాయంగానే పుట్టింది.

సైన్స్ తప్పన్న నింద మాత్రం వేరు. మేఘాల కింద శుక్రగ్రహం చాలామటుకు చిత్తడి నేల అని నోబెల్ గ్రహీత స్వాంటే అర్హీనియస్ కూడా రాశాడు. శుక్రుడు మండే కొలిమి అని 1962లో అంతరిక్ష నౌక మారినర్ 2, అంగారకుడు గుంటలు పడ్డ ఎడారి అని 1965లో మారినర్ 4 తేల్చేదాకా ఊహకు చోటుంది. ఆ చోటును బాగా వాడుకున్న కథల్లోనే అసలు రుచి.

స్టాన్లీ వైన్‌బామ్ 'ఎ మార్షియన్ ఒడిస్సీ' అలాంటిది. 1934 జులైలో 'వండర్ స్టోరీస్'లో వచ్చింది. అంగారకుడి ఎడారిలో నడుస్తున్న వ్యోమగామి జార్విస్‌కు చిన్న చిన్న ఇటుకల పిరమిడ్ల వరస కనిపిస్తుంది. పోనుపోను అవి పెద్దవవుతాయి. చివరిదాన్ని పగలగొట్టుకుని ఒక జీవి బయటికొచ్చి, ఒళ్లీడ్చుకుంటూ కొంత దూరం పోయి ఆగుతుంది. నోట్లోంచి ఇటుక తీసి పక్కన పెడుతుంది. పది నిమిషాలకు ఇంకోటి. దాని ఒళ్లు సిలికాన్. కర్బనంతో బతికే మనం వదిలేది బొగ్గుపులుసు వాయువు. సిలికాన్ జీవి వదలాల్సింది ఇసుక పదార్థం, అది గాలిలో కలిసేది కాదు. అంటే ఆ ఇటుకలు దాని విసర్జన! వాటిని తన చుట్టూనే పేర్చుకుంటుంది, గూడు పూర్తయ్యాక పగలగొట్టుకుని ముందుకు కదులుతుంది. తెలివీ లేదు, ఆశా లేదు, లక్షల ఏళ్లుగా అదే పని. ఒక్క రసాయన సూత్రం పట్టుకుని ఇంత వింత పుట్టించినవాళ్లు ఆ రోజుల్లో అరుదు. కథ అచ్చయిన ఏడాదిన్నర తిరక్కుండానే, 33 ఏళ్లకే వైన్‌బామ్ చనిపోయాడు.

వాక్యం కోసం చదవాలంటే సి.ఎల్. మూర్, లీ బ్రాకెట్. బ్రాకెట్ కథల్లో అంగారకుడు ఎండిన సముద్రాల ఒడ్డున కూలుతున్న పాత నగరాల లోకం. మారినర్ ఫోటోల తర్వాత ఆ లోకానికి వెళ్లే దారి మూసుకుపోయింది. 1974లో ఆమె తన పాత కథానాయకుడు ఎరిక్ జాన్ స్టార్క్‌ను సౌరకుటుంబం దాటించి, స్కెయిత్ అనే కల్పిత గ్రహానికి పంపింది. ఆ నవలలు చదివిస్తాయి. అంగారకుడి కథల్లోని దిగులు మాత్రం వాటిలో అంతగా లేదు.