సూది చేసేదెంత, ఎండ చేసేదెంత

ముప్పై ఏండ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి ముఖం చూసి వయసు చెప్పడం కష్టం. ఊపిరి ఎగపోస్తుంది, మోకాళ్లు వంగవు, వీపు ఎప్పుడో కుంగింది. ముఖం మాత్రం వయసును దాచేస్తుంది. పొద్దున్నే మస్టర్ పడి టోపీ లైటుతో భూమిలోకి దిగి, ఎండ చల్లబడే వేళకు ఇల్లు చేరినవాడికి సూర్యుడు తగిలింది తక్కువ. కాకపోతే చెక్కిలి మీదో కనుబొమ్మ పక్కనో నీలంగా సన్నని గీత ఉంటుంది. దెబ్బ తగిలినచోట బొగ్గుపొడి చేరి, కడిగేలోపే చర్మం మూసుకుని మానిన మచ్చ అది. ఇక ఆయన భార్యను చూడండి. పత్తిచేన్లలో వంగి వంగి పనిచేసిన ఆమె, ఆయనకంటే ఐదారేండ్లు చిన్నదైనా, పక్కన నిలబడితే అక్కలా కనిపిస్తుంది.

నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి కాలనీలన్నిటా ఇలాంటి జంటలున్నాయి. ముఖానికి సూదులు వేయించుకుంటే ముడతలు పోతాయన్న మాట మా మంచిర్యాల ఫంక్షన్ హాళ్లలో వినబడడం మొదలయ్యాక నాకు మొదట గుర్తొచ్చింది వీళ్లే. “క్రీములు లేవు, కెమికల్స్ లేవు, బొటాక్స్ అసలే లేదు వదినా, ఉత్త సూదులే. అంత నేచురల్” అంది మా ఆడబిడ్డ. ఎండకంటే నేచురల్ ఏముందే అన్నాను. అన్నానే గానీ ఆమె వెంట నేనూ పోయాను.

ఆక్యుపంక్చర్ చేసే ఆమె ముందు నాలుక చాపమంది. తర్వాత రెండు చేతుల నాడీ చాలాసేపు పట్టి చూసింది. సూదులు మొదట ముఖానికి కాదు, చేతులకూ కాళ్లకూ పెట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉబ్బెత్తు కండ ఉంటుందే, దాన్ని చీనా వైద్యులు హెగు అంటారు. మోకాలి కింద, బయటిపక్క ఉన్నది జు సాన్ లి. వాళ్ల లెక్కలో పెద్దపేగుకు చెందిన దారి చేతి నుంచి బయలుదేరి ముక్కు పక్కన ఆగుతుంది, కడుపుకు చెందినది కంటి కింద మొదలై కాలి వేళ్ల దాకా పోతుంది. అందుకే ముఖం ఒక్కదానికే సూదులు గుచ్చి వదిలేస్తే అది సగం పనే అంటారు. ఈ దారులను ఏ ఆపరేషన్‌లోనూ ఎవరూ చూడలేదు. అయినా ముఖం బాగు కోసం ముందు తిండి, నిద్ర, అజీర్తి సంగతి అడిగే పద్ధతి నాకు నచ్చింది. బ్యూటీపార్లర్‌లో ఎవరూ నన్ను మలబద్ధకం ఉందా అని అడగలేదు మరి.

ముఖానికి వాడే సూది 0.16 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. దవాఖానలో ఇంజక్షన్‌కు వాడేది 0.6 దాకా ఉండొచ్చు. ముఖానికి పెట్టే సూది లోపల బోలుగా ఉండదు, మందు ఎక్కించేది ఉండదు. నుదుటి మీద గుచ్చినప్పుడు తెలియనే తెలియదు. ముక్కు పక్కన మాత్రం కండ్లల్లో నీళ్లు తిరుగుతాయి. రెండు కనుబొమ్మల నడుమ, మనం బొట్టు పెట్టుకునే చోట ఒకటి పెట్టగానే ఏదో బరువు దిగినట్టయింది. ఆ బరువు రావాలనే చేసేవాళ్లు చూస్తారు, దాన్ని ద చీ అంటారు. తర్వాత అరగంట కదలకూడదు. పట్టపగలు అరగంట ఊరికే పడుకున్న ఆడదాన్ని చూస్తే మా ఇండ్లల్లో జ్వరమొచ్చిందా అని అడుగుతారు. ఇక్కడ లేవొద్దని చెప్పే మనిషి ఉంది. ఆ సాయంత్రం నా ముఖంలో రంగు తేలిన మాట నిజం. నాలుగు రోజుల తర్వాత చూసుకుంటే గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్కసారికి కాదు, వారానికి ఒకటి రెండు చొప్పున పది పన్నెండు సార్లు కావాలంటారు. నేను కోర్సు పూర్తి చేయలేదు. మా ఆడబిడ్డ చేసింది. ముడతల సంగతి అడిగితే “నిద్ర మంచిగ వడ్తంది వదినా” అని మాట మార్చింది.

సూది గుచ్చితే చర్మంలో సన్నని గాయమై, దాన్ని మాన్పడానికి కొత్త కొల్లాజెన్ పుడుతుందని చెబుతారు. ఇందులో నిజం లేకపోలేదు, కానీ అది పక్కింటి నుంచి తెచ్చుకున్న నిజం. మాంట్రియల్ ప్లాస్టిక్ సర్జన్ ఆండ్రే కామిరాండ్ ముఖం మీది తెల్ల మచ్చలను కప్పడానికి చర్మం రంగు పచ్చబొట్టు పొడిచేవాడు. ఏడాది రెండేండ్లకు ఆ రంగు పోయింది, మచ్చ కూడా మెత్తబడింది. రంగు కాదు, సూదే పనిచేసిందని గ్రహించి 1997లో ఆ సంగతి ప్రచురించాడు. ఇప్పటి డెర్మారోలర్, మైక్రోనీడ్లింగ్‌కు అదొక మూలం. అక్కడ చదరపు సెంటీమీటరుకు వందల పోట్లు పడతాయి. ఆక్యుపంక్చర్‌లో ముఖమంతటికీ కలిపి ఇరవయ్యో నలభయ్యో. దాని ఫలితం చూపించి దీన్ని అమ్మడం నాకు సబబుగా తోచదు.

పచ్చబొట్టంటే గుర్తొచ్చింది. ముఖానికి సూది మన ప్రాంతానికి చీనా నుంచి రానక్కర్లేదు. ఉమ్మడి ఆదిలాబాద్‌లో గోండు ఆడవాళ్లకు తోటి తెగ స్త్రీలు పచ్చబొట్లు పొడిచేవారు. మైదాన ఊళ్లలో ఎరుకల స్త్రీలు వచ్చేవారు. నుదుటి మీద, గడ్డం మీద ఆకుపచ్చ చుక్కలున్న అవ్వలు ఇప్పటికీ సంతల్లో కనబడతారు. ఆ చుక్కల చుట్టూ ముడతలు దండిగానే ఉన్నాయి. పొడిపించుకున్న రోజు ఎంత ఏడ్చారో మాత్రం అడిగితే నవ్వుకుంటూ చెబుతారు.

రుజువుల మాటకొస్తే, కొరియాలో 28 మంది ఆడవాళ్ల మీద చేసిన ఒక ప్రయోగం 2013లో అచ్చయింది. మూడు వారాల్లో ఐదుసార్లు ముఖానికి సూదులు పెట్టారు, చర్మం బిగువు కొంత పెరిగిందని రాశారు. సూదులు పెట్టని మరో గుంపుతో పోల్చి చూడలేదు. ఆశ పెట్టుకోవడానికి సరిపోతుంది, వేలకు వేలు కట్టడానికి సరిపోదు.

అసలు ముఖాన్ని ముసలిది చేసేవి వేరే ఉన్నాయి. ముట్లుడిగిన తొలి ఐదేండ్లలో చర్మంలోని కొల్లాజెన్ 30 శాతం దాకా తగ్గొచ్చు. దాన్ని మనం ఆపలేం. ఎండను కొంత ఆపగలం. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక అమెరికన్ డ్రైవర్ ఫొటో వేసింది. ఆయనకు 69 ఏండ్లు. 28 ఏండ్లు డెలివరీ ట్రక్కు నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప నున్నగా ఉంది. అద్దం ఎండ వేడిని ఆపినట్టే అనిపిస్తుంది గానీ యూవీఏ కిరణాలను వదిలేస్తుంది. మన దగ్గర డ్రైవర్ కుడిపక్క కూర్చుంటాడు. బొగ్గు లారీలు నడిపి పాతబడినవాళ్ల కుడి చెంప, కుడి మోచేయి ఒకసారి చూడండి. రామగుండం, మంచిర్యాల మేలో 45 డిగ్రీలు దాటే ఊళ్లు. ఇక్కడ తలకు చుట్టుకున్న తువ్వాల, మొఖం నిండా కప్పుకున్న కొంగు సూదులకంటే ఎక్కువ పనిచేస్తాయి. నేనైతే ఆ కోర్సు డబ్బులతో ఇంట్లో అందరికీ సన్‌స్క్రీన్ కొంటాను.

అయినా సూదుల మీద నాకు కోపం లేదు. చీనా వాళ్లకు సాయంగా 1938లో పోయిన మన వైద్య బృందంలో, పద్మశాలీలు వలసపోయిన షోలాపూర్‌కు చెందిన కోట్నీస్ ఒకరు, కలకత్తా డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఒకరు. కోట్నీస్ అక్కడే చనిపోయాడు. బసు తర్వాత మళ్లీ పోయి ఈ విద్య నేర్చుకుని వచ్చి ఇక్కడ నాటాడు. నడుంనొప్పికీ తలనొప్పికీ వాడిన ఆ చికిత్సను 2019లో కేంద్రం ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది. పక్కనున్న మహారాష్ట్ర ప్రత్యేక చట్టమే చేసింది. నాకు కోపమల్లా మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని, తెల్లబడతామని రోజూ రాసుకునే స్టెరాయిడ్ ట్యూబుల మీద. ముఖం పలచబడి, ఎర్రబడి, వెంట్రుకలు మొలిచి ఏడ్చిన ఆడపిల్లలు మా వాడకట్టులోనే ఉన్నారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో పెట్టింది. ఆ ట్యూబుకూ సూదికీ నడుమ ఎంచుకోవాల్సి వస్తే సూదే మేలు.

పోయేవాళ్లు పోండి. రక్తం పలచబడే గోళీలు వేసుకుంటుంటే ముందే చెప్పండి, కంటి కింద కమిలి నల్లబడుతుంది. కడుపుతో ఉంటే ఆ మాటా దాచొద్దు, చేతి మీది హెగును వాళ్లు ముట్టుకోకూడదు. ఎక్కడ నేర్చుకున్నారో అడగండి, మొహమాటపడకండి. సూదుల ప్యాకెట్ మీ కండ్ల ముందే చింపమనండి. చింపనంటే లేచి వచ్చేయండి.