బొమ్మ చేత ఇంగ్లిష్ పలికించే పిల్లలు

నిక్ పార్క్ 1989లో తీసిన ‘క్రీచర్ కంఫర్ట్స్’ అయిదు నిమిషాల సినిమా. జూలో ఉన్న జంతువుల ముందు మైకు పెట్టి ఇంటర్వ్యూ చేసినట్టుంటుంది. గొంతులు మాత్రం నటులవి కావు. బ్రిటన్‌లోని మామూలు జనాన్ని కదిపి మాట్లాడించి, రికార్డు చేసి, ఆ మాటల్ని మట్టిబొమ్మల నోట పెట్టారు. అందులో ఒక జాగ్వార్ ఉంది. దాని గొంతు అక్కడ ఉంటున్న ఒక బ్రెజిల్ యువకుడిది. చలి మీద, ఇరుకు బోను మీద, తిండి మీద అతను చెప్పని ఫిర్యాదు లేదు. యాస దాగదు, వాక్యం అక్కడక్కడా తడబడుతుంది. కానీ ఆ మృగం చేతులు తిప్పుతూ, కళ్లు తేలేస్తూ ఒక్కో మాటనీ నొక్కి చెబుతుంటే చూపు తిప్పుకోలేం. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న మనిషి మాటకు తెర మీద ఇంత గౌరవం దక్కడం నేను మరోచోట చూడలేదు. 1991లో దానికి ఆస్కార్ వచ్చింది. పోటీలో నిక్ పార్క్‌దే ఇంకో సినిమా, ‘ఎ గ్రాండ్ డే ఔట్’ కూడా ఉంది. తనతో తానే తలపడి గెలిచిన మహానుభావుడు!

ఆ సినిమా ఛానెల్ 4 కోసం బ్రిస్టల్‌లోని ఆర్డ్‌మన్ స్టూడియో తీసిన వరుసలోది. ఆ వరుస పేరు ‘లిప్ సింక్’. మాటకు తగ్గట్టు బొమ్మ పెదవి కదపడం. యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌తో పిల్లలకు ఇంగ్లిష్ నేర్పాలని ఉబలాటపడే టీచర్లందరికీ నేను ముందు చెప్పేది ఈ విద్య గురించే. కార్టూన్ చూపిస్తే ఇంగ్లిష్ రాదు. కార్టూన్ చేయిస్తే వస్తుంది. చేయించడంలోనూ అసలు ప్రాణం పెదవి దగ్గరే ఉంది.

ఎలాగంటారా? సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు చాలు. గొంతు ముందు రికార్డు చేస్తారు, బొమ్మ తర్వాత గీస్తారు. రికార్డయిన మాటను ముక్కలు ముక్కలుగా వింటూ, ఏ ఫ్రేములో ఏ ధ్వని పడుతోందో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకుంటారు. దాన్నే డోప్ షీట్ అంటారు. రెండేసి ఫ్రేములకు ఒక గడి చొప్పున వేసుకున్నా అయిదు సెకన్ల వాక్యానికి అరవై గళ్లు నింపాలి. ఆ వాక్యాన్ని అన్నిసార్లు వినకుండా గళ్లు నిండవు. ‘పదిసార్లు వల్లె వెయ్యి’ అంటే మొహం ముడుచుకునే పిల్లాడు ఇక్కడ తన గొంతే తాను ఎన్నిసార్లు విన్నాడో లెక్క కూడా మరచిపోతాడు.

ఇక నోటి ఆకారాలు. డిస్నీలో పనిచేసిన ప్రెస్టన్ బ్లెయిర్ తన పుస్తకంలో గీసిచ్చిన నోళ్ల పట్టిక ఈనాటికీ యానిమేటర్లకు పెద్దబాలశిక్ష. ఎం, బి, పి ధ్వనులకు పెదవులు మూసుకోవాలి. ఎఫ్, వి ధ్వనులకు పైపళ్లు కింది పెదవిని తాకాలి. డబ్ల్యూకి పెదవులు గుండ్రంగా ముందుకు రావాలి. బనియన్ అనే అర్థంలో వెస్ట్‌కూ, పడమర అనే అర్థంలో వెస్ట్‌కూ మన తెలుగు నోట తేడా లేదు, రెంటికీ ఒకటే ‘వ’. బొమ్మకు మాత్రం రెండు నోళ్లు గీయక తప్పదు. గీసినవాడు ఇక పలక్క తప్పదు.

నేను అభిమానించే ఒక ప్రభుత్వ హైస్కూలు ఇంగ్లిష్ టీచరమ్మ ఉన్నారు. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. పాత కంప్యూటర్లలో నెట్ లేకుండా పనిచేసే స్క్రాచ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఆమె చేయించే పని చూడాలి. ఒక చిలకకు నాలుగే నాలుగు కాస్ట్యూములు: మూసిన నోరు, తెరిచిన నోరు, గుండ్రటి నోరు, పళ్లు పెదవిని తాకిన నోరు. చిలకకు పళ్లేమిటని పిల్లలు నవ్వితే, మాట్లాడే చిలకకు ఉంటాయంటారు. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు ‘వెరీ వెల్’ అని రికార్డు చేసి, రెండు మాటలకూ గుండ్రటి నోరే పెట్టేశాడు.

“మేడమ్, అయిపోయింది!”

“నీ చిలక మొదటి మాట ఎలా అంటోందో నువ్వు అని చూడరా. అద్దం తీసుకో.”

వాడు చేతి అద్దం పట్టుకుని రెండు మాటలూ మార్చి మార్చి అన్నాడు. రెంటికీ వాడి పెదవి ఒకేలా ఉంది. నోళ్ల పటం దగ్గరికి వెళ్లి చూసి, పళ్లు పెదవికి ఆనించి మళ్లీ అన్నాడు. ఈసారి వాడి మొహం వెలిగింది. పాత రికార్డింగ్ తీసేసి, కొత్తగా చెప్పి, మొదటి మాట కింద నాలుగో కాస్ట్యూమ్ పెట్టాడు. ఆమె ఎర్ర ఇంకుతో దిద్దలేదు, ‘తప్పు’ అన్న మాట నోట రాలేదు. తప్పును బొమ్మే పట్టిచ్చింది.

పదం చివర అచ్చు చేర్చే మన అలవాటు కూడా అలాగే బయటపడుతుంది. ‘స్టాప్’ అన్నాక బొమ్మ నోరు మూసుకోవాలి. పిల్లలు ‘స్టాపు’ అంటారు. స్క్రాచ్ సౌండ్ ట్యాబులో ఆ తోక అలలా కంటికి కనబడుతుంది. మూసిన నోట్లోంచి ‘ఉ’ వినబడుతుంటే ఎవరికైనా ఎబ్బెట్టుగా ఉంటుంది. వాళ్లే తోక కత్తిరించబోతారు, కత్తిరిస్తే మాట తెగిందని గ్రహించి మళ్లీ సరిగ్గా పలుకుతారు.

పెదవి తర్వాత ఊనిక. రిచర్డ్ విలియమ్స్, ‘హూ ఫ్రేమ్డ్ రోజర్ రాబిట్’కు యానిమేషన్ నడిపించిన ఘనుడు, అక్షరం అక్షరానికీ నోరు ఆడించొద్దనీ, మాట మొత్తం ఆకారాన్నీ దాని బరువు పడే చోటునీ పట్టుకోమనీ నేర్పాడు. ఇంగ్లిష్ మాట్లాడటానికి ఇంతకంటే మంచి పాఠం ఏ గ్రామర్ పుస్తకంలో ఉంది? ‘ఫొటోగ్రాఫ్’లో బరువు మొదట్లో పడుతుంది, ‘ఫొటోగ్రాఫర్’లో రెండో చోటికి జరుగుతుంది. బరువు పడ్డచోట బొమ్మ తల ఊపాలి, చెయ్యి విసరాలి. మన తోలుబొమ్మలాట కళాకారులకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. తోలుబొమ్మ నోరు తెరవదు. చెయ్యి ఊగిన తీరును బట్టే మాట్లాడుతున్నది రావణుడా హనుమంతుడా అన్నది ప్రేక్షకుడికి తెలుస్తుంది. నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు సంతోషమే, అలాంటి కళాకారుణ్ని ఒక్కపూట ఇంగ్లిష్ క్లాసుకు పిలిచి పిల్లల ముందు బొమ్మ ఆడించమన్నవాళ్లు ఎంతమంది?

చరిత్ర సంగతి పొడిగా చెబుతాను. ఫ్లైషర్ సోదరులు 1924లోనే ‘సాంగ్ కార్-ట్యూన్స్’ తీయడం మొదలుపెట్టారు. తెర మీద పాట అక్షరాలు, వాటి మీద లయకు తగ్గట్టు గెంతే బంతి, బంతి వెంట జనం పాడటం. పాటల కింద అదే భాషలో అక్షరాలు వేసి బ్రిజ్ కొఠారీ మన టీవీలో చదువు నేర్పిన పద్ధతికి అది ముత్తాత. తర్వాత కంప్యూటర్లు, 1996లో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్. చేసి నేర్చుకోవాలన్న సీమోర్ పాపెర్ట్ మాటను పట్టుకుని, ఎంఐటీలో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో స్క్రాచ్ విడుదల చేసింది. అది ఉచితం. నా ఓటు ఎప్పుడూ దానికే, దాచుకోవడం ఎందుకు?

2020 చివర ఫ్లాష్ ప్లేయర్ మూతపడ్డప్పుడు, టీచర్లు ఏళ్ల తరబడి సొంతంగా చేసుకున్న చిన్న చిన్న ఇంగ్లిష్ ఆటలు ఎన్ని తెరుచుకోకుండా పోయాయో! అది ఒక నష్టం. కానీ ఇప్పుడు జరుగుతున్నది నష్టం కాదు, ద్రోహం. యూట్యూబ్ తెరిస్తే రైమ్స్ గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. ఏ మాటకైనా నోరు తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప మూడో కదలిక లేదు. ‘ఎం’ అంటూ నోరు బార్లా తెరిచే ఏనుగును చూసి మన పసివాళ్లు ఏం నేర్చుకోవాలి? దాన్ని ‘ఎడ్యుకేషనల్’ అని అమ్ముతున్నారు. అంతకంటే ఘోరం రెడీమేడ్ అవతార్లు. వాక్యం టైపు చేస్తే చాలు, యంత్రమే పలుకుతుంది, యంత్రమే పెదవి కదుపుతుంది. ఒక ప్రైవేటు స్కూలు వార్షికోత్సవంలో ఇలాంటి వీడియోలు వరసగా వేసి, ‘మా పిల్లల ఇంగ్లిష్ యానిమేషన్’ అని చప్పట్లు కొట్టించారు. ఒక్క వీడియోలోనూ ఒక్క పిల్ల గొంతు లేదు! గొంతు తీసేశాక ఇంకేం మిగిలింది? పిల్ల చెయ్యాల్సిన కష్టమే చదువు. దాన్నే తప్పించి, ఫీజు మాత్రం వసూలు చేశారు.

బిడియపడే పిల్లలకు ఈ మోసం మరీ అన్యాయం. భయం, సిగ్గు కమ్ముకున్న బుర్రలోకి భాష ఎక్కదని భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ ఎప్పుడో చెప్పాడు. క్లాసులో లేచి నిలబడితే గొంతు పెగలని అమ్మాయి, తెర మీద నక్క మాట్లాడుతున్నప్పుడు ధైర్యంగా దబాయిస్తుంది. తప్పు పోయినా పోయింది నక్క పరువే కదా. ఆ చాటును ఆ పిల్ల నుంచి లాక్కుని యంత్రానికి ఇచ్చేస్తున్నాం.

ఇదంతా ఎక్కడ జరుగుతోంది? ‘ఛోటా భీమ్’ పుట్టిన హైదరాబాద్ గడ్డ మీద. దేశదేశాల సీరియళ్లకు పెదవులు కదిపే చేతులు ఆ ఊళ్లో ఉన్నాయి. పక్కనే ఉన్న సర్కారు బడిలో పిల్లలు నోరాడించే ఏనుగుల్ని చూస్తున్నారు. హైదరాబాద్ యానిమేటర్లను బతిమాలుతున్నాను: తెలుగు నోటికి కష్టమయ్యే ఇంగ్లిష్ ధ్వనుల్ని ఏరి, ‘వి’కీ ‘డబ్ల్యూ’కీ, పదం చివర ఆగే హల్లులకూ విడివిడిగా నోళ్లు గీసి, స్క్రాచ్‌లో నేరుగా వేసుకోగలిగే కాస్ట్యూములుగా ఉచితంగా విడుదల చెయ్యండి. బ్లెయిర్ పట్టిక అమెరికా నోటికి గీసింది. మనకు మన పట్టిక కావాలి. టీచర్లు ఒక చవక హెడ్‌సెట్, ఒక చేతి అద్దం సిద్ధం చేసుకుంటారు. మొదటి వాక్యం పది సెకన్లు దాటకుండా చూసుకుంటే చాలు.