కుర్సురా నమూనా: ఏ సంవత్సరపు నౌక?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి విశాఖపట్నానికి విహారయాత్రకు వచ్చే విద్యార్థులు రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలిపి ఉంచిన ‘కుర్సురా’ జలాంతర్గామిని చూడక తిరిగిపోరు. వారిలో చేతిపని వచ్చిన కుర్రవాడు ఇంటికి పోయి అట్టతోనో చెక్కతోనో దాని నమూనా చేయబూనడం సహజమే. నౌక కళ్లెదుటనే ఉన్నది కదా, కొలిచి చేస్తే సరిపోదా?

సరిపోదు. ఒడ్డున ఉన్న నౌక సముద్రంలో తిరిగిన నౌక కాదు. ఈ సంగతి గమనించక చేసిన నమూనా, చూపునకు ఎంత ముచ్చటగా ఉన్నా, సాక్ష్యంగా చెల్లదు.

కుర్సురా సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబరు 18న రీగాలో మన నౌకాదళంలో చేరినది. 1967 నుంచి సూయెజ్ కాలువ మూసి ఉన్నందున, 1970లో ఆఫ్రికా ఖండాన్ని చుట్టుకొని స్వదేశానికి వచ్చినది. 1980 సెప్టెంబరు నుంచి 1982 వరకు ఇది పనిచేయలేదు. దీనిలోని భాగాలను ఊడదీసి ‘వాగ్లీ’ అనే మరొక జలాంతర్గామికి అమర్చారు. 1982–85 మధ్య మరమ్మతులు జరిపి మళ్లీ సముద్రంలోకి పంపారు. 2001 ఫిబ్రవరి 27న సేవ నుంచి విరమింపజేశారు. 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా తెరిచారు. పేరు ఒకటే, నౌకలు మాత్రం కనీసం నాలుగు. నమూనా చేసేవాడు వీటిలో ఏది చేస్తున్నాడో ముందుగా తేల్చుకోవాలి.

ఈ చిక్కు మనకే వచ్చినది కాదు. చార్లెస్ పార్సన్స్ ఆవిరి టర్బైను శక్తిని లోకానికి చాటిన ‘టర్బీనియా’ అనే చిన్న ఆవిరి నౌక కథ కూడా ఇట్టిదే. 1894లో దానికి ఒక్కటే ఇరుసు. అనుకొన్న వేగం రానందున 1896లో మూడు ఇరుసులు పెట్టి, ఒక్కొక్కదానికి మూడేసి మరచక్రాలు తగిలించారు. 1897లో అందరినీ ఆశ్చర్యపరచినది ఆ రెండవ టర్బీనియాయే. ‘1894’ అని ఫలకం చెక్కి కింద తొమ్మిది మరచక్రాలు బిగించిన నమూనా ఏ కాలానిదీ కాదు.

ఇక కుర్సురాకు వస్తే, మొదటి మోసం ద్వారాలది. సందర్శకులు లోనికి పోవడానికి, బయటికి రావడానికి వీలుగా నౌక పక్క భాగాన్ని కోసి వాటిని అమర్చారు. నావికులు రాకపోకలు సాగించినది పైకప్పులోని ఇరుకైన మూతల గుండా. సముద్రంలో మునిగే నౌకకు పక్కన నిలువెత్తు తలుపేమిటి! 1:100 కొలతలో రెండు సెంటీమీటర్ల ఆ తలుపును ముచ్చటపడి నమూనాలో పెట్టినవాడు, పాపం, నౌకను ముంచినట్లే. అయితే ఆ కోతలో ఒక లాభం ఉన్నది. జలాంతర్గామికి రెండు తొడుగులు: నీటి ఒత్తిడికి ఓర్చే గట్టి తొడుగు లోపల, నీటిని చీల్చే రూపమిచ్చే పలుచని తొడుగు బయట. ద్వారం దాటేవారు ఆ రెంటినీ దాటుతున్నారు. బయట నిలబడి చూసేవారికి ఆ సంగతి తెలియదు.

రెండవ మోసం నీటిది. ఒడ్డున ఉండటంచేత నౌక అడుగు భాగమంతా కనబడుతుంది. కొలిచేవానికి ఇది వరమే. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు సుమారు 8 మీటర్లు. కాని నీటిలో ఎంతవరకు మునిగి తేలేదో ఒడ్డు చెప్పదు. ఆ లోతు సుమారు 6 మీటర్లు గనుక, 1:100 నమూనాలో అడుగు నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తున నీటిగీత గీయాలి. పైన తేలేటప్పుడు బరువు సుమారు 1,950 టన్నులు, మునిగినప్పుడు 2,475. ఈ తేడా అయిన 525 టన్నులు తొట్లలోకి తీసుకొన్న నీరు.

కొందరు అదే తరగతికి చెందిన ఇతర నౌకల పటాలు చూచి పని కానిస్తారు. అది అన్న జాతకం చూచి తమ్మునికి ముహూర్తం పెట్టినట్లుంటుంది. ప్రదర్శనశాలలో విషయాలు వివరించడానికి నౌకాదళంలో పనిచేసి విరమించినవారిని నియమించారు. వారి మాట ఎంతో విలువైనది. అయినా 1990లలో పనిచేసిన నావికుని జ్ఞాపకం 1970కి సాక్ష్యం కాదు. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు నౌకలో ఉన్నారో అడిగి, వారి మాట పక్కనే రాసుకోవాలి.

ద్వారాలు కోయడం తప్పా? కాదు. కోయకపోతే లోపలి ఏడు గదులను, ముందున్న ఆరు, వెనుకనున్న నాలుగు టార్పీడో గొట్టాలను సామాన్యులు చూడగలిగేవారే కారు. కోసిన చోటనే ‘ఇది 2002 నాటి మార్పు’ అని ఒక గీత గీసి చూపడం మాత్రం ఏ ప్రదర్శనశాలకైనా కనీస ధర్మం.

2002 నాటి నౌకను చేసేవాడు ద్వారాలను, కింది దిమ్మెలను కూడా చేయాలి. 1970 నాటిదానికి ద్వారాలు పూడ్చి, నీటిగీత గీయాలి. 1981 నాటిది చేయదలచినవానికే చిక్కు ఎక్కువ. వాగ్లీకి పోయిన భాగాల పట్టిక చేతికి వచ్చేవరకు లోపలి గదులను చూపకుండా మూసి ఉంచడమే మేలు.