శిలకు తొడిగిన పూసలు

కెనడా దేశమున, 1999లో ఏర్పడిన నూనవుట్ ప్రాంతమునందు, హడ్సన్ అఖాతపు పడమటి తీరమున ఆర్వియట్ అను ఇన్యూట్ గ్రామము కలదు. 1927లో జన్మించిన ఈవా తలూకీ అలిక్తిలూక్ ఆ గ్రామపు శిల్పి. అచ్చటి రాయి మిక్కిలి గట్టిది. ఉలికి సులభముగా లొంగదు. అందుచే ఆ ఊరి శిల్పులు పెక్కురు సూక్ష్మవివరముల జోలికి పోక, ముఖమును దేహపు రూపురేఖలను మాత్రమే పట్టుదురు. అలిక్తిలూక్ ఆ మూగశిలకు రంగురంగుల గాజుపూసల పేటలను తొడిగినది.

శిల్పమునకు పూసలేల, ఇది వట్టి అలంకారము కాదా యని కొందరు ఆక్షేపింపవచ్చును. పూసల మెరుపు కంటిని ముందుగా లాగుననుట నిజమే. కాని ఇన్యూట్ తల్లి బిడ్డను వీపున మోయుటకు ధరించు 'అమౌతి' అను చలిచొక్కాను తలచుకొన్నచో ఈ ఆక్షేపణ నిలువదు. దాని రొమ్ముభాగమున పూసలు కుట్టుట ఆ తీరపు స్త్రీల విద్య. పూసలు తీసివేసినచో ఆ శిల యెవరో ఒక మనిషి. ఉంచినచో ఆ తీరపు తల్లి. ఉలి చెప్పలేని మాటను సూది చెప్పినది.

గాజుపూస ఆ మంచునేలలో పుట్టినది కాదు; వర్తకుల వెంట వచ్చినది. తల్లుల చేతులలో తరతరములుగా మెలగి ఆ జాతి సొత్తయినది. పరాయి సరకును తన సంప్రదాయమున ఇముడ్చుకొనుట బలహీనత కాదు, బలము. అన్యభాషల నడుమ తరములుగా కాపురమున్న మనకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.